శుక్రవారం ఒప్పుకోలు ప్రార్థన గురించి

తమ్ముడూ, వందనాలు.

ఉపవాస కూడికలో సంఘం తరఫున పాపాల ఒప్పుకోలు ప్రార్థన నిన్నే చెయ్యమన్నారట కదా, నీకు భయంగా ఉందని అక్క ఫోన్లో చెప్పింది. భయం ఉండనీలే, అది లేనివాడికి మైకు ఇస్తేనే ప్రమాదం.

ముందు బైబిల్లో నెహెమ్యా 1వ అధ్యాయం తియ్యి, 11 వచనాలే. ఆయన యాజకుడూ కాదు ప్రవక్తా కాదు, షూషను కోటలో పారసీక రాజు అర్తహషస్తకి గిన్నె అందించే ఉద్యోగి. యెరూషలేము గోడ కూలిపోయి ఉంది, గుమ్మాలు కాలిపోయాయి అని సోదరుడు హనానీ వచ్చి చెప్తే కూలబడి ఏడ్చాడు. బబులోనువాళ్లు ఆ పట్టణాన్ని కాల్చి అప్పటికి దాదాపు 140 ఏళ్లు, మా పెద్దోళ్లు చేసిన పాపం ప్రభువా నాకేం సంబంధం అనొచ్చు కదా, అనలేదు, నేనూ నా తండ్రి ఇంటివాళ్లూ పాపం చేశాం అన్నాడు. అడగాల్సింది ఆఖరి వచనం దాకా అడగనేలేదు చూడు.

ఎజ్రా 9వ అధ్యాయం కూడా చదువు, ఈ ఎజ్రా యాజకుడు. తప్పు చేసింది వేరేవాళ్లు, బట్టలు చింపుకుని జుట్టూ గడ్డం పీక్కుని సాయంత్రం దాకా అలా కూర్చుండిపోయింది ఈయన. తర్వాత మోకాళ్లూని, నా దేవా సిగ్గుతో ముఖం ఎత్తలేకపోతున్నా అని మొదలెట్టి అదే వచనంలో మా దోషాలు మా తలలకి మించిపోయాయి అంటాడు. నేను కాస్తా మేము అయిపోయింది. ఆ ఏడుపు చూసి జనమే వచ్చి చుట్టూ చేరి ఏడ్చారు, ఈయన ఎవరినీ వేలెత్తి చూపించకుండానే.

నేను నీ వయసులో చేసింది చెప్తా, నవ్వకు. కానుకల లెక్క దగ్గర ఒకాయన మీద కోపం పెట్టుకుని, ప్రభువా నీ సొమ్ము విషయంలో నమ్మకంగా లేనివాళ్లని క్షమించు అని కళ్లు మూసుకుని గట్టిగా ప్రార్థన చేశా. ఎవరి గురించో మందిరంలో అందరికీ తెలిసిపోయింది. నేను కళ్లు తెరిచేసరికి ఆయన చెప్పులేసుకుంటున్నాడు. ఆర్నెల్లు మళ్లీ రాలేదు. అది ప్రార్థనేంటి, చాటింపు.

అందుకే మన తెలుగు పట్టుకో. దేవుడితో మాట్లాడితే మేము, జనంతో మాట్లాడితే మనం. ప్రార్థన మధ్యలో నీ నోట మనం మారాలి, మనం సరిచేసుకోవాలి అని వచ్చిందంటే నువ్వు ప్రసంగంలోకి జారిపోయావని, వాళ్లు అని వచ్చిందా, ఇంక నాలాగే. అక్కడే ఆగి, ప్రభువా మేము అని మళ్లీ మొదలెట్టు, ఎవరూ ఏమనుకోరు.

గురువారం రాత్రి కూర్చుని రాసుకుందామనుకోకు. నెహెమ్యాకి యూదుల లెక్కలో కిస్లేవు నెలలో వార్త తెలిస్తే రాజు దగ్గర నోరు విప్పింది నీసాను నెలలో, నాలుగు నెలలు తర్వాత. నీకు ఇంకా ఐదు రోజులున్నాయి. ఒప్పుకునే వాటిల్లో నీది ఒకటైనా నిజంగా ఉండాలి, పైకి చెప్పకపోయినా సరే.

నేను ఆ రోజు వెనక తలుపు దగ్గర కూర్చుంటాలే, ఎదురుగా ఉంటే నన్ను చూసి తడబడతావు.

మీ అన్నయ్య