పేపర్ రాయలేకపోవడం ఇంగ్లిష్ జబ్బేనా?

ప్రశ్న: మా అమ్మాయి పీహెచ్‌డీలో చేరి ఏడాదైంది. ఇంతవరకు ఒక్క పరిశోధన పేపరూ రాయలేదు. ఇంగ్లిష్ అంతంతమాత్రం. అకడమిక్ రైటింగ్ కోర్సులో చేర్పించమంటారా, ఏఐ టూల్ కొనివ్వమంటారా? - ఒక తండ్రి

జవాబు: ప్రశ్న అడిగింది మీరు, అమ్మాయి కాదు. నాకు ముందు అక్కడే ఇబ్బందిగా ఉంది. మొదటి ఏడాది పేపర్ రాకపోవడం మామూలే సార్. రోజూ ఫోన్ చేసి ‘ఎంతవరకు వచ్చింది?’ అంటుంటే వచ్చే వాక్యం కూడా రాదు. ముందు అది మానండి.

ఇలాంటి డ్రాఫ్టులు చాలా చూశాను. ఇంగ్లిష్ రాక ఆగినవి తక్కువ, ఏం చెప్పాలో తేలక ఆగినవే ఎక్కువ. ‘ఈ అంశంపై విస్తృతంగా పరిశోధన జరిగింది’ అని మొదలుపెడతారు. వ్యాకరణం బాగానే ఉంటుంది, సరుకే ఉండదు. అదే ‘ఈ చెరువు నీటిని ముగ్గురు పరీక్షించారు, ముగ్గురూ ఎండాకాలంలోనే, వానాకాలం లెక్క ఎవరూ తీయలేదు’ అని రాస్తే తన పని ఎందుకో ఆ ముక్కలోనే తెలిసిపోతుంది.

ఇక ఏఐ. భాష దిద్దుకోవడానికి వాడితే కాదనను. ఆలోచన కూడా దానికే అప్పగిస్తారేమోనని నా భయం. 2021లో గియోమ్ కబనాక్, సిరిల్ లాబే అనే కంప్యూటర్ శాస్త్రవేత్తల బృందం అచ్చయిన పేపర్లలో వింత పదాలు పట్టుకుంది. ‘ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్’ కాస్తా ‘కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్’ (నకిలీ స్పృహ) అయి కూర్చుంది! మాటలు మార్చే సాఫ్ట్‌వేర్ల పనే అయుంటుందని వాళ్ల అనుమానం. ఇప్పటి ఏఐ అంత మొరటుగా దొరకదు. ఒక్కోసారి అసలు లేని పేపర్‌కు రచయితల పేర్లు, సంవత్సరం కూడా తగిలించి ఇస్తుంది. ‘ఆ పేపర్ ఏదీ?’ అని గైడ్ అడిగితే తల దించుకోవాల్సింది మీ అమ్మాయే.

కోర్సంటారా, తన డ్రాఫ్టును ఎవరైనా దిద్ది తిరిగిచ్చేదైతే చేర్పించండి. వీడియోలు చూపించి సర్టిఫికెట్ చేతిలో పెట్టేదైతే వద్దు.

మిగతాది అమ్మాయికే చూపించండి. అమ్మా, మెథడ్స్‌తో, అంటే పని ఎలా చేశావో చెప్పే భాగంతో, మొదలుపెట్టు. నువ్వు చేసిన పనే కాబట్టి మాటలు వెతుక్కోనక్కర్లేదు. తర్వాత గ్రాఫులు, టేబుళ్లు వరసగా పెట్టుకుని, ఒక్కోదాని కింద అది ఏం చెబుతోందో ఒక్క వాక్యం రాయి, తెలుగులో వచ్చినా సరే. ఇంట్రడక్షన్ సంగతి చివర్లో చూద్దువుగాని. ఏ పేపర్ చదివినా మూసేసి, నాలుగు ముక్కలు సొంతంగా రాసి చూడు. రాలేదంటే అర్థం కాలేదన్నమాట, మళ్లీ తెరువు. రెండు పేజీలు పోగవగానే, బాగోలేదనిపించినా, గైడ్‌కి పంపెయ్. ఎర్రసిరాతో నిండి తిరిగొస్తాయి. నావీ అలాగే వచ్చేవి.