అడవి మొక్క ఎక్స్‌ట్రాక్ట్ క్యాన్సర్ కణాలను చంపింది. మందు దొరికినట్టేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: ఒక అడవి మొక్క ఆకుల మిథనాల్‌తో తీసిన సారాన్ని (ఎక్స్‌ట్రాక్ట్) ఎంసీఎఫ్-7 రొమ్ము క్యాన్సర్ కణాల మీద వేశారు. మిల్లీలీటరుకు 500 మైక్రోగ్రాముల దగ్గర ఎంటీటీ అనే రంగు పరీక్షలో చాలా కణాలు పోయాయి. ఇక దీన్ని మందుగా ఎలా ముందుకు తీసుకెళ్లాలి?

నేను కొన్నేళ్లు ఇదే పని చేసే ల్యాబ్‌లో ఉన్నాను, అందుకే కాస్త నీళ్లు చల్లక తప్పడం లేదు. 500 మైక్రోగ్రాముల దగ్గర కణాలు చావడం పెద్ద విషయం కాదు. ప్లేట్‌లో ఉన్న కణాలు బ్లీచింగ్ పౌడర్ వేసినా చస్తాయి. ముడి ఎక్స్‌ట్రాక్ట్ ఐసీ50 (కణాలను సగానికి తగ్గించే మోతాదు) మిల్లీలీటరుకు సుమారు 20-30 మైక్రోగ్రాముల లోపు ఉంటేనే దాని వెంట పడటం ఈ రంగంలో చాలాకాలంగా ఉన్న పద్ధతి. కాబట్టి ముందు మోతాదు తగ్గిస్తూ ఐసీ50 ఎంతో తేల్చండి. అదే ప్లేట్‌లో పోలికకు డాక్సోరూబిసిన్ అనే క్యాన్సర్ మందును, ఎక్స్‌ట్రాక్ట్‌ను కరిగించే డీఎంఎస్‌ఓ ద్రావకం మాత్రమే ఉన్న వెల్స్‌ను (ప్లేట్‌లోని గుంటలను) కూడా పెట్టండి. డీఎంఎస్‌ఓ అర శాతం దాటితే అదే కణాలను ఇబ్బంది పెట్టడం మొదలుపెడుతుంది.

అసలు చిక్కంతా ఎంటీటీతోనే. ఆ పరీక్ష చావును కొలవదు. బతికున్న కణాల్లోని ఎంజైములు పసుపు ఎంటీటీని ఊదారంగు ఫార్మజాన్‌గా మారుస్తాయి, మనం ఆ రంగును కొలుస్తాం. మొక్కల్లో ఉండే క్వెర్సెటిన్ లాంటి పాలీఫినాల్స్ కణాల సాయం లేకుండానే ఆ మార్పు చేసేయగలవు. మా ల్యాబ్‌లో కొత్త ఎక్స్‌ట్రాక్ట్ ఏది వచ్చినా, కణాలు లేని వెల్‌లో మీడియం, ఎక్స్‌ట్రాక్ట్, ఎంటీటీ మాత్రమే పోసి చూసేవాళ్లం. కొన్ని ఎక్స్‌ట్రాక్టులతో ఆ ఖాళీ వెల్ కూడా చక్కగా ఊదారంగుకు తిరిగేది! అలాంటప్పుడు చచ్చిన కణాలు కూడా బతికున్నట్టు లెక్కలోకి వస్తాయి.

దీనికి పూర్తి ఎదురు తంటా ఇంకొకటి ఉంది. గాలిక్ ఆమ్లం లాంటివి కల్చర్ మీడియంలోనే ఆక్సీకరణ చెంది హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టిస్తాయి. కణాలను చంపేది ఆ పెరాక్సైడ్, పేరు మాత్రం మొక్కకు. పెరాక్సైడ్‌ను విరగ్గొట్టే కేటలేజ్ ఎంజైమ్ కలిపి మళ్లీ పరీక్షించండి. చంపే శక్తి మాయమైతే సంగతి తేలిపోయినట్టే. టానిన్లు ప్రొటీన్లకు అంటుకుంటాయి, సాపోనిన్లు కణ పొరకు చిల్లులు పొడుస్తాయి. వీటివల్ల వచ్చే ఫలితాలు చూడటానికి బాగానే ఉంటాయి కానీ ఎక్కడికీ తీసుకెళ్లవు. ఎస్‌ఆర్‌బీ (కణాల్లోని ప్రొటీన్‌ను కొలిచేది) లాంటి వేరే సూత్రం మీద పనిచేసే పరీక్ష ఒకటి జత చేస్తే మంచిది. క్యాన్సర్ లేని మామూలు ఫైబ్రోబ్లాస్ట్ కణాల మీద కూడా వేసి చూడండి. అవీ అదే మోతాదులో చస్తుంటే మీ దగ్గరున్నది విషమే.

ఇవన్నీ దాటాక హెక్సేన్, ఇథైల్ అసిటేట్, బ్యూటనాల్ అనే ద్రావకాలతో ఎక్స్‌ట్రాక్ట్‌ను విడగొట్టి, ఏ భాగంలో శక్తి ఉంటే దాని వెంట వెళ్లాలి. కాలమ్ వేయడానికి (గొట్టంలో పోసి పదార్థాలను వేరుచేయడానికి) ముందే, అందులో ఏ రసాయనాలున్నాయో చూపే ఎల్‌సీ-ఎంఎస్ చేయించండి. నెలలు కష్టపడి చివరికి ఎన్నో మొక్కల్లో ఉండే, అందరికీ తెలిసిన ఉర్సోలిక్ ఆమ్లం పట్టుకుని కూర్చున్నవాళ్లు ప్రతి ల్యాబ్‌లోనూ కనిపిస్తారు.

ఇదంతా వృథా అని కాదు. బిళ్ల గన్నేరును కెనడాలో నోబుల్, బీర్ అనే శాస్త్రవేత్తలు మధుమేహం కోసం పరీక్షిస్తుంటే ఎలుకల్లో తెల్లరక్తకణాలు పడిపోయాయి. విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందు అలా బయటపడింది. పసిఫిక్ యూ చెట్టు బెరడును 1962లో సేకరించారు. అందులోని టాక్సాల్ అనే క్యాన్సర్ మందు నిర్మాణాన్ని మన్రో వాల్, మన్‌సుఖ్ వాని బృందం 1971లో ప్రకటించింది. అది కణంలో ఏం చేస్తుందో సుసాన్ హార్విట్జ్ 1979లో చూపించారు. అమెరికాలో అనుమతి 1992లో వచ్చింది. అంటే, దొరికిన మంచివాటిలోకెల్లా మంచిదానికే ముప్పై ఏళ్లు పట్టింది. పొడోఫిల్లోటాక్సిన్ అనే మరో మొక్క పదార్థం అయితే ఉన్నదున్నట్టు వాడలేనంత విషం. దాన్ని మార్చి ఎటోపోసైడ్ అనే క్యాన్సర్ మందు చేశారు.

ఇంకో విషయం. మొక్క కొమ్మను పూతతో సహా హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కలను భద్రపరిచే చోట) నమూనాగా పెట్టించి నంబర్ తీసుకున్నారా? ఏ నెలలో, ఎక్కడ కోశారో రాసుకున్నారా? అదే మొక్క వేరే కాలంలో కోస్తే రసాయనాలు మారిపోవచ్చు, అప్పుడు మీ ఫలితం మీకే మళ్లీ రాదు.

ఇక ఈ పని చేసేవాళ్లకు ఎవరూ ముందుగా చెప్పని టెన్షన్ ఒకటుంది. మీరు ఏం చేస్తున్నారో తెలియగానే, ఇంట్లో క్యాన్సర్ రోగి ఉన్నవాళ్లు ఆ ఆకు ఏదో చెప్పమని అడుగుతారు. నన్నూ అడిగారు. చెప్పకండి, పొడి అసలే ఇవ్వకండి. కీమో తీసుకుంటున్నవాళ్లలో ఇలాంటివి కాలేయం మీద భారం వేయొచ్చు, మందు పనితీరునూ మార్చొచ్చు.

ముందు ఆ కణాలు లేని వెల్ పరీక్ష చేసి, ఎక్స్‌ట్రాక్ట్ రంగు, ఐసీ50 ఎంతో ఇక్కడే రాయండి. తర్వాత ఏ భాగంతో మొదలుపెట్టాలో అప్పుడు చెబుతాను.