రాళ్ల దగ్గరికి వెళ్లే ముందు లంకలో దిగు

చి. అమ్మలుకి మామయ్య ఆశీస్సులు.

ప్రాణహిత–గోదావరి లోయలో నీ భూగర్భశాస్త్రం ప్రాజెక్టు ఖాయమైందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. సుత్తి, కంపాసు సర్దుకోవడానికి ముందు ఒక పని చెయ్యి. రాజమండ్రి దగ్గర ఏదో ఒక లంకలో రెండు రోజులు తిరిగిరా. వేసవిలో నీళ్లు తగ్గి ఇసుక తేలాక అయితే మేలు. కోట్ల ఏళ్ల నాటి రాయి సంగతి తేలాలంటే, పోయిన వరద ఏం వదిలి వెళ్లిందో ముందు కళ్లారా చూడాలి.

కోత పడిన గట్టు ఒకటి వెతుక్కుని, పారతో నిలువునా చెక్కి శుభ్రం చెయ్యి. అడుగున ముతక ఇసుక, అక్కడక్కడ గులకరాళ్లు కనిపిస్తాయి. పైకి వచ్చేకొద్దీ సన్న ఇసుక, ఆపైన ఒండ్రు, అన్నిటికన్నా పైన బంకమట్టి. నది వంపు తిరిగినచోట లోపలి ఒడ్డున నీటి వడి తగ్గుతుంది, బరువైనవి ముందు దిగిపోతాయి. నది పక్కకి జరిగేకొద్దీ సన్నవి వాటిమీద పడతాయి. ఇసుకలో ఏటవాలు పొరలు చూస్తావు, అవి వాలిన వైపే నీళ్లు పోయాయి. ఒక్కటి కొలిచి ఊరుకోకు, ఇరవై కొలువు. వంపుల్లో నది ఒక దిక్కున నిలవదు.

గట్టు పొర్లినప్పుడు ఒడ్డు పక్కనే ఇసుక మేట వేస్తుంది. బంక మాత్రం దూరంగా నీళ్లు నిలిచిన పొలాల్లో దిగుతుంది. అందుకే ఒడ్డు మెరక, దాని వెనక పల్లం. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చింది. ఆ వరద ఎవరి చేలో ఏం పోసి వెళ్లిందో లంకల్లో పెద్దవాళ్లని అడుగు. వాళ్లు చెప్పేది పాఠ్యపుస్తకంలో దొరకదు.

ఒండ్రుకీ బంకకీ తేడా తెలియకపోతే చిటికెడు మట్టి ముందుపళ్ల మధ్య పెట్టుకో. కరకరలాడితే ఒండ్రు, నున్నగా జారితే బంక. మీ అమ్మకి చెప్పకు.

ఇక లోయ సంగతి. బొగ్గు పొరల కింద తాల్చేరు అనే పాత రాతిపొరలు ఉంటాయి. అక్కడ సన్నని మట్టిలో చిన్నా పెద్దా బండలు కలగాపులగంగా ఇరుక్కుని ఉంటాయి. కొండ దిగిన వాగు మైదానంలోకి రాగానే పోసే రాళ్లగుట్ట కూడా దాదాపు ఇలాగే ఉంటుంది. తొందరపడకు, అది వాగు పనో, కదిలే మంచు పనో తేల్చాలి. రాయి పక్క కొండదేనా, ఎక్కడో దూరంనుంచి వచ్చిందా? ఒక ముఖం చదునుగా అరిగి, దానిమీద గీతలున్నాయా? సన్నని పొరలమీద పడి వాటిని కిందికి కుంగదీసిన రాయి దొరికితే, కరుగుతున్న మంచుగడ్డ నీళ్లలో జారవిడిచిందేమో చూడు. సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట మన నేల దక్షిణ ధ్రువానికి దగ్గర్లో ఉండేది మరి.

సింగరేణి బొగ్గు చిత్తడి నేలల్లో పూర్తిగా కుళ్లకుండా పూడిపోయిన చెట్లది. కోట అనే ఊరి దగ్గరి పలుచని సున్నపురాయిలో చేపల శిలాజాలున్నాయి, అది చెరువు అడుగు. వీటి గురించి నీకు పాఠాలు బాగానే చెప్పి ఉంటారు.

నన్ను కంగారు పెట్టేది ఎరుపు. ఎర్రగా కనిపించిందల్లా ఎడారి అని రాసే పిల్లలు ఏటా తయారవుతారు. ఆ లోయలోనే మలేరి అనే రాతిపొరల ఎర్రబంకలో ఊపిరితిత్తుల చేపల పళ్లు దొరికాయి, చేపలున్న ఎడారి ఎక్కడిది? అవి నదులూ వరద మైదానాలూ. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలకైతే సముద్రం పక్కనే ఉంది. ఇసుకలో ఇనుము తుప్పుపట్టి ఆ రంగు తర్వాత వచ్చింది. గాలి తెచ్చిన ఇసుకా కాదా అన్నది గింజల్ని బట్టి తేల్చు. గాలి గులకరాళ్లని మోయలేదు, సన్న మట్టిని దూరం ఎగరేస్తుంది, అందుకే ఇసుక గింజలు దాదాపు ఒకే సైజులో మిగులుతాయి. అక్కడికి వెళ్తే సుత్తి బయటికి తియ్యకు, అది రక్షిత స్థలం.

ఇసుక క్వారీల్లో నిలువు గోడల కింద నిలబడకు, చెప్పకుండా కూలతాయి. నదిలో దిగే ముందు ఎగువన నీళ్లు వదులుతున్నారేమో ఊళ్లో కనుక్కో.

మొదటి వారం గీసిన బొమ్మలు నాకు పంపు. నది అనీ, చెరువు అనీ పేరు పెట్టొద్దు. గింజ సైజు, పొర మందం, వాలు, పైనా కిందా ఏముందో రాస్తే చాలు. పేరు నేను పెట్టి పంపుతాను, నీ దగ్గరున్న దానితో పోల్చుకుందాం.

ఇట్లు,
మామయ్య