హిస్టరీ చదివితే ఏం వస్తుంది?

ప్రశ్న: ఇంటర్‌లో సీఈసీ చేశాను. డిగ్రీలో హిస్టరీ తీసుకుంటానంటే నాన్న “టీచరు ఉద్యోగం తప్ప ఇంకేం వస్తుంది?” అంటున్నారు. టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మా, ముప్పై ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పినదాన్ని. తెలుగులో తొలి శాసనంగా చెప్పే రేనాటి చోళుల శాసనం, సుమారు క్రీ.శ. 575 నాటిది, మీ పక్కనున్న కలమల్ల గుడిలోదే. అలాంటివి చదవడమే ఒక వృత్తి. రాయి కడిగి, తడి కాగితం పరిచి, బ్రష్షుతో కొట్టి, సిరా అద్దితే అక్షరాలు తెల్లగా తేలతాయి. మొదటిసారి నా కళ్లముందు అలా తేలినప్పుడు నాకు మాట రాలేదు.

కేంద్ర పురావస్తు శాఖకు మైసూరులో శాసనాల విభాగం ఉంది. ఎం.ఏ. తర్వాత గ్రేటర్ నోయిడాలో ఆ శాఖ సంస్థలోనే పీజీ డిప్లొమా చేయొచ్చు. పాత దస్తావేజులు ఇష్టమైతే ఆర్కైవ్స్, మ్యూజియంలు ఉన్నాయి. గ్రూప్స్, సివిల్స్‌కూ చరిత్ర పనికొస్తుంది.

నిజం చెప్పాలి కదా, ఈ పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఆలస్యం. అందుకే డిగ్రీతోపాటే సంస్కృతమో ఉర్దూనో నేర్చుకో. పాత లిపి చదవగలిగేవాళ్లు బాగా తక్కువమంది. ముందు నాన్నగారిని ఒక ఆదివారం కలమల్ల గుడికి తీసుకెళ్లు.