పన్నెండు ఫ్యాన్లకూ ఒకే తీగ అన్నావట!

చి. సింధుకి,
పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు సొంతంగా సర్వర్ కడుతున్నావనీ, అందులో పన్నెండు ఫ్యాన్లనూ స్పీడు చెప్పే ఒకే సిగ్నల్‌తో నడిపిస్తానంటున్నావనీ మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మన ఇంట్లో సోల్డరింగ్ ఐరన్ పట్టుకునేది నాతోనే ఆఖరనుకున్నాను, చాలా సంతోషమేసింది. కానీ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. వాడితో అంటే నవ్వుతాడు, అందుకే నీకు రాస్తున్నాను.

నీకు తెలిసినవి గబగబా చెప్పేస్తాను. నాలుగు పిన్నుల ఫ్యాన్లే కొను, మూడు పిన్నులవి ఈ సిగ్నల్‌ని పట్టించుకోవు. 12 వోల్టుల లైను నిలకడగా ఉండాలి, దాన్ని ఆపుతూ వదులుతూ స్పీడు తగ్గించాలని చూడకు. సిగ్నల్ 25 కిలోహెర్ట్జ్, అంటే సెకనుకి పాతికవేల సార్లు ఆన్ అయి ఆఫ్ అవుతుంది, అందులో ఆన్‌లో ఉన్న శాతాన్ని బట్టే ఫ్యాను స్పీడు. ఆర్డుయినో ఊనో, అదే ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న బోర్డు, మామూలుగా ఇచ్చేది 490 లేదా 980 హెర్ట్జే, టైమర్ సెట్టింగ్ మార్చుకోవాలి. పవర్ మదర్‌బోర్డు ఫ్యాన్ కనెక్టర్ నుంచి తియ్యకు. ఫ్యానుకి 0.2 ఆంపియర్ అనుకున్నా పన్నెండింటికి 2.4 అవుతుంది, ఆ కనెక్టర్ తట్టుకునేది మామూలుగా 1 ఆంపియరే. నేరుగా పవర్ సప్లై నుంచి తీసుకుని, గ్రౌండ్ మాత్రం సిగ్నల్ ఇచ్చే బోర్డుతో కలుపు. ఇది మర్చిపోయి ఫ్యాన్లని తిట్టేవాళ్లని చాలామందిని చూశాను.

సిగ్నల్ పంచడం నువ్వనుకున్నంత తేలికే. ప్రతి ఫ్యానూ ఆ తీగని లోపలి నుంచి పైకి లాగి ఉంచుతుంది, మనం చేసేది కిందికి లాగడమే. ఇంటెల్ స్పెసిఫికేషన్ ప్రకారం ఒక్కో ఫ్యానుకి గరిష్ఠంగా 5 మిల్లీఆంపియర్లు, అంటే నీకు 60. అంత భారం బోర్డు మీదున్న మైక్రోకంట్రోలర్ చిప్పు పిన్ను మీద వెయ్యకు, మధ్యలో స్విచ్‌లా పనిచేసే చిన్న ట్రాన్సిస్టర్, మాస్ఫెట్ పెట్టు. అది సిగ్నల్‌ని తలకిందులు చేస్తుంది. నువ్వు 30 శాతం పంపితే ఫ్యాన్లకి 70 అందుతుంది, ప్రోగ్రామ్‌లో సరిచేసుకో. మాస్ఫెట్‌ని నడిపే కాలుని గేటు అంటారు, దాని నుంచి గ్రౌండ్‌కి ఒక 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ కూడా పెట్టు, బోర్డు రీసెట్ అయిన క్షణంలో గేటు ఏ వోల్టేజికీ కట్టుబడకుండా గాల్లో ఉండకూడదు. ఆ సిగ్నల్ తీగ ఊడిపోయినా ఫ్యాన్లు ఆగవు, ఫుల్ స్పీడుకి పోతాయి. ఇలా ఆలోచించి పెట్టినవాళ్లంటే నాకు గౌరవం.

నా భయమంతా మూడో పిన్ను గురించి, అదే ఫ్యాను ఎంత స్పీడులో తిరుగుతోందో తిరిగి చెప్పే టాక్ పిన్ను. సిగ్నల్ కలిపినట్టే టాక్ తీగలన్నీ కూడా ఒకే పిన్నుకి కలిపేస్తానన్నావట. వద్దమ్మా.

నేను పనిచేసిన ఒక చోట డిస్కుల పెట్టె ఒకటి ఉండేది. దాన్ని కట్టినతను తెలివైనవాడే, సోల్డరింగ్ చూస్తే ముచ్చటేసేది. కానీ కనెక్టర్‌లో ఒక్క టాక్ పిన్నే ఉందని ఆరు ఫ్యాన్ల తీగలూ దానికే ముడేశాడు. ఒక్కో ఫ్యాను చుట్టుకి రెండు పల్సులు ఇస్తుంది. 1500 ఆర్‌పీఎం‌లో సెకనుకి 50. ఒకే మోడల్ ఫ్యాన్లయినా సరిగ్గా ఒకే స్పీడులో తిరగవు కాబట్టి ఆరింటి పల్సులూ ఒకదానిమీద ఒకటి పడేవి. స్క్రీన్ మీద ఒకసారి మూడు వేలు, ఒకసారి ఎనిమిది వందలు, ఒకసారి సున్నా. మొదట్లో అలారం మోగితే అందరం పరిగెత్తాం. తర్వాత ఎవరో దాన్ని ఆపేశారు. ఎప్పుడూ అబద్ధం చెప్పే అంకెని ఎవరు చూస్తారు? క్లాసులో పిల్లలంతా ఒకేసారి ‘ప్రెజెంట్ సార్’ అని అరిస్తే రానివాడెవడో ఎలా తెలుస్తుంది? వెనక వరసలో ఒక ఫ్యాను బేరింగ్ పట్టేసి ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో ఎవరికీ తెలీదు. దాని ఎదురుగా ఉన్న రెండు డిస్కులు పోయాక, నేను మూత తీసి చెయ్యి పెడితే అక్కడ గాలే లేదు. ఆ డిస్కుల్లో ఉన్నది ఎవరి పనో, వాళ్ల మొహాలెలా ఉన్నాయో రాయలేను.

అందుకే పన్నెండు టాక్ తీగలూ విడివిడిగా తీసుకురా. పిన్నులు చాలకపోతే 16 దారుల మల్టీప్లెక్సర్ పెట్టి, అంటే చాలా తీగల్లోంచి ఒక్కోదాన్నే ఎంచి ఒక పిన్నుకి కలిపే చిప్పు పెట్టి, ఒక్కోదాన్నే చదువు, తొందరేం లేదు. ప్రతి తీగకీ దాన్ని పైకి లాగి ఉంచే సొంత పుల్ అప్ రెసిస్టర్ ఉండాలి. తీగని మైక్రోకంట్రోలర్ వోల్టేజికే లాగాలి, 12 వోల్టులకి లాగావంటే చదివే పిన్ను పాడైపోవచ్చు. ఫ్యాన్లన్నీ ఒకేచోట తగిలించే రెడీమేడ్ హబ్ కొంటే సాధారణంగా ఒక్క ఫ్యాను స్పీడే చూపిస్తుంది, మిగతా పదకొండూ బతికున్నాయో లేదో నువ్వే చూసుకోవాలి. నీ మీద నమ్మకం లేక కాదు ఇదంతా. నీ వయసులో నేనైతే ఇంత దూరం ఆలోచించేవాణ్ణే కాదు.

కట్టాక తిరుగుతున్న ఫ్యాను టాక్ తీగ ఒక్కటి పీకి చూడు. ప్రోగ్రామ్ ఆ ఫ్యాను నంబరుతో సహా అరవాలి. తర్వాత సిగ్నల్ తీగ పీకు, అన్నీ హోరుమనాలి. ఈ రెండూ అయ్యేదాకా అందులో నీ ఫొటోలూ అవీ పెట్టకు. జడ ముడేసుకుని పని చెయ్యి, చిన్న ఫ్యానే కదా అనుకోకు.

పవర్ ఇచ్చేముందు కనెక్షన్ల ఫొటో పంపు. వైర్ల రంగుల్ని నమ్మకు, కంపెనీకో రకంగా ఉంటాయి, పిన్నులు లెక్కపెట్టుకో. ఏ వేళయినా ఫోన్ చెయ్యి, ఎలాగూ మెలకువగానే ఉంటాను.

మీ పెదనాన్న