కెమెరా ఎక్కడ నిలబడిందో చెప్పు

ఒంగోలు

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. తీరిగ్గా కూర్చుని చదివాను. నేరాల్లోకి జారిపోయే పట్నం కుర్రాళ్ల సినిమాల మీద రాయాలనుకోవడమే మంచి ఆలోచన. మన వైపు ఈ సినిమాలు విరగబడి చూసేవాళ్లున్నారు గానీ, వాటి గురించి ఓపికగా రాసేవాళ్లు లేరు. నువ్వు రాయగలవన్న నమ్మకం ఉంది కాబట్టే ఈ ఉత్తరం కాస్త కటువుగా ఉంటుంది.

'సహజమైన నటన', 'అద్భుతమైన కెమెరా పనితనం'. ఈ రెండు మాటలూ నీ వ్యాసం నిండా ఉన్నాయి. ఆ నటుడు ఏం చేశాడో, కెమెరా ఎక్కడ నిలబడిందో మాత్రం ఒక్కచోటా లేదు. ఈ రకం సినిమాల్లో డైలాగు ఏమైనా చెప్పొచ్చు, చివర్లో నీతి కూడా పలకొచ్చు. ఆ కుర్రాళ్ల గురించి దర్శకుడు నిజంగా ఏమనుకుంటున్నాడో తెలిసేది, కెమెరా వాళ్లకి ఎంత దగ్గరగా, ఎంత ఎత్తులో, ఎంతసేపు నిలబడింది అన్నదాన్ని బట్టే. ముందు అది రాయాలి. మెచ్చుకోలు తర్వాత.

నువ్వు రాసిన 'లా ఏన్' సినిమానే తీసుకో. 1995లో మాథ్యూ కసోవిట్జ్ తీశాడు. పారిస్ శివార్లలోని ఒక కాలనీలో ముగ్గురు స్నేహితులు, ఒక రోజు కథ. 'బ్లాక్ అండ్ వైట్‌లో కవిత్వం' అని రాసి వదిలేశావు. వాళ్ల కాలనీలో ఉన్నంతసేపూ లెన్స్ ఎలా ఉందో చూడు. కుర్రాళ్లూ, వాళ్ల వెనకున్న మేడలూ కలిసే కనిపిస్తాయి. కెమెరా వాళ్ల పక్కనే తాపీగా నడుస్తుంది. అది వాళ్ల చోటు. రైలెక్కి పారిస్ వెళ్లాక ఒక షాట్ ఉంది. కెమెరా ఒక వైపు కదులుతుంటే జూమ్ రెండో వైపు లాగుతుంది. ముగ్గురూ ఉన్నచోటే ఉంటారు, వెనకున్న నగరం మాత్రం వాళ్లతో సంబంధం లేనట్టు జరిగిపోతుంది. అక్కణ్నుంచి లెన్స్ మారిపోతుంది. దూరం నుంచి తీసిన షాట్లు, అలుక్కుపోయిన వెనక భాగం, అందులోంచి కత్తిరించినట్టు కుర్రాళ్లు. ఈ ఊరు మాది కాదని వాళ్లలో ఎవడూ అనక్కర్లేదు. కెమెరా పని గురించి రాయడమంటే ఇదీ.

అదే సినిమాలో అద్దం సీన్ చూశావు కదా. విన్సెంట్ కాసెల్ వేసిన కుర్రాడు బాత్రూమ్ అద్దం ముందు నిలబడి, ఒక అమెరికన్ సినిమా హీరోని అనుకరిస్తూ కనపడని శత్రువుని బెదిరిస్తాడు. నువ్వు 'క్రూరత్వాన్ని అద్భుతంగా పండించాడు' అని రాశావు. అక్కడున్నది క్రూరత్వం కాదు. క్రూరుడిలా కనపడాలని ప్రాక్టీస్ చేస్తున్న పిల్లాడు. అంటే కాసెల్ నటిస్తున్నది, నటిస్తున్న ఒక కుర్రాణ్ని. ఎంత కష్టమో ఆలోచించు. తర్వాత చేతిలో నిజం తుపాకీ, ఎదురుగా నిజం మనిషి ఉన్నప్పుడు వాడు కాల్చలేకపోతాడు. అప్పటి ముఖం అద్దంలోని ముఖం పక్కన పెట్టి చూస్తేనే ఆ నటన విలువ తెలుస్తుంది. ఈ రెండు సీన్ల మీదే నువ్వు నాలుగు పేజీలు రాయొచ్చు.

ఇందుకు పారిస్ దాకా పోనక్కర్లేదు. నెల్లూరులో ఆత్మకూరు బస్టాండ్ దగ్గర సాయంత్రం టీ కొట్టు ముందు కాసేపు నిలబడు. బైకు మీద అడ్డంగా కూర్చుని, కాలర్ వెనక్కి లాక్కుని, 'ఏందిరా, యాడ ఉండావ్' అని ఫోన్లో గద్దించే కుర్రాడు కనపడతాడు. ఆ కూర్చోవడం ఏదో సినిమా నుంచి వచ్చిందే. ఇంతలో ఇంటినుంచి ఫోన్ వస్తుంది. వాడు బైకు దిగి నాలుగడుగులు పక్కకి పోతాడు. గొంతు తగ్గుతుంది, ఖాళీగా ఉన్న చెయ్యి చొక్కా గుండీ మీదకి పోతుంది. మాట్లాడటం అయ్యాక మళ్లీ వచ్చి అంతకుముందులాగే కూర్చుంటాడు. ఆ గుండీ మీది చెయ్యిని చూసినవాడికే, తెర మీద నటుడు దాన్ని పట్టుకున్నాడా లేదా అన్నది తెలుస్తుంది.

ఇక 'వాళ్లు నటించలేదు, జీవించారు' అన్న వాక్యం. ఆ సంగతి వదిలిపెట్టను. 'సిటీ ఆఫ్ గాడ్' కుర్రాళ్ల గురించి ఆ మాట రాశావు. 2002లో ఫెర్నాండో మీరెల్లెస్, కాటియా లుండ్ కలిసి తీసిన ఆ బ్రెజిల్ సినిమాలో ఎక్కువమంది రియో మురికివాడల పిల్లలేనన్నది నిజం. కానీ వాళ్లని నెలల తరబడి కూర్చోబెట్టి తర్ఫీదు ఇచ్చారు. సీన్‌లో ఏం జరుగుతుందో చెప్పి, మాటలు వాళ్ల నోటినుంచే రప్పించారు. అంత కష్టపడి నేర్చుకున్నదాన్ని 'జీవించారు' అనేస్తే ఆ పిల్లల పనిని కొట్టిపారేసినట్టే. పేదవాడు తెర మీద బాగా చేస్తే అది వాడి బతుకు, డబ్బున్నవాడు చేస్తే ప్రతిభ అనడం నాకు ఒళ్లు మండే విషయం.

ఆ సినిమా కెమెరామన్ సీజర్ షార్లోన్. కథ అరవైల్లో ఉన్నప్పుడు ఫ్రేము కుదురుగా ఉంటుంది. ఎనభైలకి వచ్చేసరికి కెమెరా చేతుల్లోకి వచ్చి కుదురు పోతుంది. ఇంతకంటే చెప్పను, నువ్వే చూసి రాయి.

మన 'శివ' గురించి రెండు ముక్కలు. 1989లో ఎస్. గోపాల్‌రెడ్డి కెమెరా, పరిగెత్తినా కుదుపు తెలియనివ్వని స్టెడీకామ్ అనే పరికరంతో కుర్రాళ్ల వెంట పరిగెత్తినప్పుడు, తెలుగు ప్రేక్షకుడు గొడవని బయటినుంచి చూడటం మానేసి మధ్యలోకి వెళ్లాడు. తర్వాత వచ్చినవాళ్లు సైకిల్ చైన్ పట్టుకున్నారు గానీ, భవానీగా రఘువరన్ గొంతు పెంచకుండా పుట్టించిన భయాన్ని పట్టుకోలేదు. కత్తి పట్టుకున్నవాణ్ని కింది నుంచి, స్లో మోషన్‌లో చూపించే అలవాటు మాత్రం ముదిరింది. అలాంటి షాట్ వచ్చినప్పుడు ఒక్కటి గమనించు. దెబ్బ పడ్డాక కెమెరా ఎవరి దగ్గర ఆగింది? కొట్టినవాడితోనే వెళ్లిపోయిందా, పడినవాడి దగ్గర ఒక్క క్షణమైనా ఉందా? నీ వ్యాసంలో దెబ్బ తిన్నవాళ్లెవరూ లేరు.

చివరి పేజీలో యువత పెడదారి పడుతోందని రాసిన పేరా తీసెయ్. సినిమా పేర్లు కూడా తగ్గించు, రెండు చాలు. అద్దం సీన్‌ని ముందు సౌండ్ తీసేసి చూడు, తర్వాత సౌండ్‌తో చూడు. చూస్తూ రాయకు, చూశాక గుర్తున్నది రాసి మళ్లీ సరిచూసుకో. ఎల్లుండి కందుకూరు పోతున్నా, ఆదివారానికి ఒంగోల్లోనే ఉంటాను. కొత్తగా రాసింది పట్టుకుని పొద్దున బండికి రా. భోజనం ఇక్కడే.

ఆశీస్సులతో,
అన్న