రెండో ప్రపంచ యుద్ధంలో ఉక్రెయిన్ ఆడవాళ్ల గురించి వచ్చే నవలలు నిజానికి దగ్గరగా ఉంటాయా? ఏది చదవొచ్చు?

నేను చదివినవాటిలో చాలావరకు ఉండవు. తేదీలు, ఊళ్లు, సైనికుల దుస్తులు అన్నీ సరిగ్గానే రాస్తారు. కానీ వాటిలో ఆడవాళ్లకు రెండే దారులు. అడవిలోకి వెళ్లి గెరిల్లాల్లో కలవడం, లేదంటే మంచి మనసున్న జర్మన్ ఆఫీసరు ఒకడు ఎదురై అతనితో ప్రేమలో పడటం. ఊళ్లోనే ఉండిపోయి, రేపటికి ఏం వండాలి, పిల్లని ఎక్కడ దాచాలి అని చూసుకున్న లక్షల మంది ఎక్కడా కనిపించరు.

నేను 2006 నుంచి 2012 దాకా ఉక్రెయిన్‌లోని విన్నిత్సా అనే ఊళ్లో ఎంబీబీఎస్ చదివాను. మూడో ఏడాది హాస్టల్ వదిలేసి, ఖమ్మం నుంచి వచ్చిన ఇంకో అమ్మాయితో కలిసి ఒక పెద్దావిడ ఇంట్లో గది తీసుకున్నాం. ఆవిడకు అప్పటికే ఎనభై దాటాయి. బాబుస్యా అని పిలిచేవాళ్లం, మన అమ్మమ్మ లాగే. మాకు చర్మవ్యాధుల క్లాసులు నడుస్తున్న రోజుల్లో ఒక సాయంత్రం ఆవిడ చేతులు పైకి మడుచుకుని పిండి కలుపుతుంటే ముంజేతుల లోపలివైపు పాత మచ్చలు చూశాను. నూనె చింది కాలినవి అలా ఉండవు, రెండు చేతులకీ ఒకే చోట ఉన్నాయి. ఏమైంది బాబుస్యా అని అడిగితే, "మేమే చేసుకున్నాం" అంది.

1942 వసంతంలో ఉక్రెయిన్‌ను ఆక్రమించిన జర్మన్లు, జర్మనీకి పనివాళ్లను పంపాలని ఊరికి ఇంతమంది అని లెక్క కట్టారు. మొదట్లో మంచి జీతం, మంచి తిండి అని పోస్టర్లు వేశారు, వెళ్లినవాళ్ల ఉత్తరాలు వచ్చాక ఇక ఎవరూ ముందుకు రాలేదు, దాంతో ఇళ్ల మీద పడి పట్టుకెళ్లారు. ఉక్రెయిన్ నుంచి అలా 20 లక్షలకు పైగా మనుషులను తీసుకెళ్లారు, వాళ్లలో పదహారు, పదిహేడేళ్ల ఆడపిల్లలు లెక్కలేనంత మంది. రొమ్ము మీద నీలం గుడ్డపై తెల్లటి అక్షరాలతో ఓఎస్‌టీ (జర్మన్‌లో ‘తూర్పు’) అన్న ముద్ర కుట్టుకోవాలి. బండెక్కించే ముందు డాక్టరు పరీక్ష ఉండేది, అంటురోగం ఉన్నవాళ్లను తీసుకోరు. అందుకని బాబుస్యా వాళ్లమ్మ తడి నేలల్లో పసుపు పూలు పూసే ఒక మొక్కని నూరి, వెల్లుల్లితో కలిపి కూతురి చేతులకు కట్టింది. మన దగ్గర నల్లజీడి సొన తగిలితే ఎలా పొక్కుతుందో అలా పొక్కి పుండ్లు పడ్డాయి. పరీక్ష చేసిన డాక్టరు కూడా ఉక్రెయినీయుడే, చూడగానే అతనికి అర్థమైపోయిందట, ఏమీ అనకుండా గజ్జి అని రాసి పక్కకు పంపేశాడు.

నవల అయితే ఇక్కడ ఆపేస్తారు, తల్లి తెలివి, డాక్టరు ధైర్యం అని. కానీ ఊరి లెక్క తగ్గదు కదా. స్తారోస్తా, అంటే జర్మన్లు పెట్టిన ఊరిపెద్ద, ఆ ఖాళీలో పక్కింటి అమ్మాయి పేరు రాశాడు. ఆ అమ్మాయి 1945లో తిరిగొచ్చింది. ఇద్దరూ యాభై ఏళ్లు ఒకే వీధిలో ఉన్నారు, పండక్కి రొట్టె ఇచ్చిపుచ్చుకున్నారు, ఆ విషయం మాత్రం ఒక్కసారీ ఎత్తలేదు. నాకు ఆక్రమణ అంటే ఈ రెండిళ్ల మధ్య కంచే గుర్తొస్తుంది.

ఇంకో మాట చెప్పాలి. మన తెలుగు పాఠకులకు ఈ యుద్ధం విశాలాంధ్ర వ్యాన్లలో అమ్మిన సోవియట్ అనువాదాల ద్వారా తెలిసింది, నేనూ మా నాన్న కొన్నవి చదివే పెరిగాను. అందుకే ఇప్పటికీ ఉక్రెయిన్ అంటే రష్యాలో ఒక ముక్క అనుకుంటారు, మా చుట్టాలు నేను తిరిగొచ్చి పదేళ్లు దాటినా "రష్యాలో చదివింది" అనే చెప్తారు, ఎన్నిసార్లు సరిచేసినా అంతే. అది వినలేను. ఎందుకంటే ఆ ఆడవాళ్లకు శత్రువు ఒక్కడే అయితే కథ తేలిక. నేను సాయంత్రాలు నడిచిన విన్నిత్సా పార్కులోనూ, ఇంకో రెండు చోట్లా 1943లో జర్మన్లు గోతులు తవ్వించారు. 9 వేలకు పైగా శవాలు బయటపడ్డాయి, 1937-38లో సోవియట్ రహస్య పోలీసులు కాల్చి పూడ్చినవాళ్లు. జర్మన్లు అది తమ ప్రచారానికి వాడుకున్నారు. కానీ భార్యలు, తల్లులు వచ్చి తాళ్ల మీద ఆరేసిన బట్టల్లో, తాము కుట్టిన చొక్కా ఉందేమోనని వెతుక్కున్నారు. మీ ఆయన దూరంగా జైల్లో ఉన్నాడు అని అప్పటిదాకా వాళ్లకు చెప్పారు. ఇద్దరు హంతకుల మధ్య నిలబడి ఆ చొక్కాని గుర్తుపట్టిన ఆడమనిషి గురించి ఎవరైనా రాస్తే నేను రాత్రంతా మేలుకుని చదువుతాను.

ఏది చదవాలి అన్నారు కదా, నేను ముందు చివరి అధ్యాయం చూస్తాను. 1944లో ఎర్రసైన్యం ట్యాంకులు ఊళ్లోకి రావడంతో, పూలు చల్లడంతో ముగిస్తే కొనను. జర్మనీ నుంచి తిరిగొచ్చిన పిల్లలను సోవియట్ పోలీసులు మళ్లీ ప్రశ్నించారు, ద్రోహుల్లా చూశారు. ఉద్యోగానికో చదువుకో దరఖాస్తు పెడితే "ఆక్రమిత ప్రాంతంలో ఉన్నారా" అన్న గడి దశాబ్దాల పాటు ఉండేది. బాబుస్యా కూడా అందులో ప్రతిసారీ "ఉన్నాను" అనే రాసింది. పక్కింటావిడ మాత్రం జర్మనీ మాట కూడా రాయాల్సి వచ్చింది.